గెడకి కట్టిన ఆకు

ఖాంగ్ చేతిలోని గుమ్మడికాయ జారి నీళ్లలో పడింది.

పక్కనున్న మియెన్ పడవ గెడకి రోజూ వేలాడే అనాసపండు పక్కన ఇవాళ కొబ్బరాకు వేలాడుతోంది. ఈ నీళ్ల సంతలో ఎవరేం అమ్ముతున్నారో అరిచి చెప్పనక్కర్లేదు. పడవ ముందు నిలబెట్టిన గెడకి అనాస కడితే అనాస అమ్ముతున్నట్టు, ఉల్లి కడితే ఉల్లి. కొబ్బరాకు కడితే మాత్రం పడవనే అమ్మేస్తున్నట్టు.

"కాయ కొట్టుకుపోతోందిరా ఖాంగూ!" అని కేకేసి, ఊత్ అవ్వ తెడ్డుతో గుమ్మడికాయను తనవైపు లాక్కుంది. డెబ్బై ఏళ్ల మనిషి. చిన్న పడవలో కాఫీ కాచి, తెల్లారకముందే పడవ పడవకీ తిరిగి పోస్తుంది. నిన్ననే పడవకి కొత్త కప్పు వేయించుకుని సంతంతా చాటింది.

"కొత్త కప్పు కింద కూర్చుని నెత్తిన టోపీ ఏంటవ్వా?" అన్నాడు ఖాంగ్, మనసు ఎక్కడో పెట్టుకుని.

"అందం కోసంరా. నీ మొహమేంటి అలా వేలాడుతోంది?"

ఖాంగ్ కళ్లతోనే ఆకుని చూపించాడు.

"అయ్యో! పాపం, ఎవరికి మాత్రం గిట్టుబాటవుతోంది చెప్పు," అని డబ్బాపాల కాఫీ అందించింది అవ్వ.

అదీ నిజమే. నది మీద వంతెన పడ్డాక లారీలు నేరుగా తోటల్లోకే పోతున్నాయి. తాతల కాలంలో పారలతో తవ్విన అయిదు కాలువలు కలిసే చోటిది. ఒకప్పుడు ఇక్కడ పడవ మీంచి పడవ మీదికి నడుచుకుంటూ అవతలి గట్టుకి చేరేవారు. ఇప్పుడు అరవై పడవలు కూడా లేవు. నెలకో కొబ్బరాకు లేస్తోంది. అయినా మియెన్ పోతుందని ఖాంగ్ కలలో కూడా అనుకోలేదు.

ఏడేళ్లుగా అతని పడవ తాడు ఆమె పడవకే కట్టి ఉంటుంది. అడగాల్సిన మాట ఒకటుంది. ఈ కాపు అమ్మాక అడుగుదాం, తెత్ పండగ వెళ్లాక అడుగుదాం అనుకుంటూ ఏడేళ్లు నెట్టుకొచ్చాడు. ఇవాళ గుండెల్లో రాయి పడింది.

"ఏంటి మియెన్, ఒక్క మాటైనా చెప్పలేదు?" అన్నాడు ఉండబట్టలేక.

"నువ్వు చెప్పావా ఏంటి?" అని ఆమె మొహం తిప్పేసుకుంది. చేతిలోని అనాస తొక్కతోపాటు సగం కండ కూడా ఎగిరిపోయింది. నిజమే, నేనెప్పుడు చెప్పాను గనక అని ఖాంగ్ తల దించుకున్నాడు.

ఇంతలో ఒకాయన మోటారు పడవలో వచ్చి ఖాంగ్ పక్కన ఆపాడు. "పడవ ఎలా ఉంటుందండీ?"

"పడవా? జల్లెడ అనండి," అన్నాడు ఖాంగ్ గొంతు తగ్గించి. "ఇంజను మూలుగుతుంది. చుక్కాని ఎడమకి తిప్పితే కుడికి పోతుంది."

ఆయన ఖాంగ్‌ని ఎగాదిగా చూశాడు. "మీలాంటి మనిషిని నేనెక్కడా చూళ్లేదు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంకాసేపటికి మొగుడూ పెళ్లాలిద్దరు వచ్చి మియెన్‌తో ఏదో మాట్లాడారు. ఖాంగ్ చెవులు రిక్కించాడు.

"ఆయన దగ్గరా?" అంటోంది మియెన్ ఇటు చెయ్యి చూపిస్తూ. "పైకి నున్నగా కనిపిస్తుంది. లోపలంతా పుచ్చే. తీసుకుంటే మీ ఖర్మ."

వాళ్లు అటునుంచి అటే వెళ్లిపోయారు. తన బేరం చెడగొట్టానని తెలిసిపోయింది, అందుకే నా గుమ్మడికాయల మీద పడింది అనుకున్నాడు ఖాంగ్. తిట్టనీ. పడవ అమ్ముడుపోకపోతే అంతే చాలు.

పొద్దెక్కింది. మూడో బేరగాడు చేతిలో సుత్తితో వస్తున్నాడు. వీడు చెక్క కొట్టి చూసే రకం, మాటలకి లొంగడు. ఖాంగ్ ఇక ఆగలేకపోయాడు. ఒక్క గెంతులో మియెన్ పడవలోకి దూకాడు. అనాసలు దొర్లిపోయాయి.

"పడవ అమ్మకు మియెన్! నువ్వు పోతే నా పడవ ఎక్కడ కట్టుకోను? ఏడేళ్లుగా అడగలేక చస్తున్నాను. నన్ను చేసుకో."

చుట్టూ పడవల్లో బేరాలన్నీ ఆగిపోయాయి.

మియెన్ కత్తి కింద పెట్టింది. కళ్లు తుడుచుకుంటూనే కసిరింది. "నేనెందుకు పోతానయ్యా? అమ్ముకుని పోతున్నది నువ్వు! పైగా నన్ను అంటావా?"

"నేనా?"

"పైకి చూసుకో!"

ఖాంగ్ తన గెడ వైపు చూశాడు. పది రోజుల కిందట కట్టిన గుమ్మడికాయ పక్కన పచ్చటి కొబ్బరాకు ఊగుతోంది. మియెన్ కూడా తల పైకెత్తి, అప్పుడే మొదటిసారి తన గెడని చూసింది. రోజూ ఉండే తమ గెడని తలెత్తి చూసుకునేదెవరు?

"అయితే ఇందాక ఆయనతో నేను జల్లెడన్నది నా పడవనేనా?" అన్నాడు ఖాంగ్.

"ఆ పుచ్చు కూడా నీ పడవే," అంది మియెన్. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. సుత్తి మనిషి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. టమాటాల పడవవాడు హారన్ మోగించాడు.

"ఇంతకీ నా మాటకి జవాబు?" అన్నాడు ఖాంగ్ భయంభయంగా.

"ఏడేళ్లు అడక్కుండా కూర్చుని ఇప్పుడు తొందరా?" అంటూనే ఆమె అతని పడవ తాడుకి ఇంకో ముడి బిగించింది. ఖాంగ్‌కి గాల్లో తేలుతున్నట్టుంది.

"ఇంత పని చేసిందెవరంటావ్ అవ్వా?" అని మళ్లీ అటుగా వచ్చిన అవ్వని అడిగాడు.

"పనీపాటా లేనివాళ్లెవరో! పెళ్లికి కాఫీ మాత్రం నాదే, ఇప్పుడే చెప్తున్నా," అని ఊత్ అవ్వ గుమ్మడికాయని ఇటు విసిరి, తెడ్డు వేసుకుంటూ సాగిపోయింది. ఎండ నేరుగా ఆమె టోపీ మీద పడుతోంది.

కొత్త కప్పులో రెండు కొబ్బరాకులు లేవు.