బోరు నీళ్ల రక్తపరీక్ష

శ్రీదివ్యకి అత్తగారు సుబ్బరావమ్మతో ఉన్న పేచీ ఒక్కటే. గడప దాటి ఏ కొత్త వస్తువు వచ్చినా దాని మొహాన బొట్టు పెడితే గాని ఆవిడకి అన్నం సయించదు. మిక్సీకి పెట్టింది, ఫ్రిజ్‌కి పెట్టింది. మామగారు పేరయ్య సెల్‌ఫోనుకి పెడితే అది సరిగ్గా అయిదో నంబరు మీద పడి, ఆ నంబరున్న చుట్టాలకి ఆయన ఫోను చెయ్యడమే మానేశాడు. అప్పుడంతా దివ్య నవ్వి ఊరుకుంది. ఇవాళ ఊరుకోదల్చుకోలేదు.

"అత్తయ్యా, నా మిషన్‌కి కూడా పెట్టారా?"

"పెట్టకేం? మంచి పని మీద ప్రత్తిపాడు వెళ్తోందిగా."

మిషన్ అంటే టిఫిన్ డబ్బా అంత పెట్టె. గోరంత పలకలో వెంట్రుకంత కాలువ ఉంటుంది. అందులోకి ఒక్క రక్తపు చుక్క ఎక్కించి పెట్టెలోకి తోస్తే, లోపలి దీపం వెలుగు ఎంత దాటిందో చూసి ఒంట్లో రక్తం ఎంతుందో అంకె చూపిస్తుంది. వెలుగు తగ్గేకొద్దీ అంకె పద్దెనిమిది దాకా పెరుగుతుంది. దివ్య పిహెచ్‌డి మొత్తం ఆ పెట్టెలోనే ఉంది. ఇంకో గంటలో ప్రత్తిపాడు ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల ముందు అది పనిచెయ్యాలి. లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

"సాగర్ కాలవకే నీళ్లు రావట్లా, నీ వెంట్రుక కాలవలో రక్తం ఎట్లా పారుద్దమ్మా?" అన్నాడు పేరయ్య.

"పారుతోంది మామయ్యా. అంకెలే తప్పు."

దివ్యకి పద్దెనిమిది చూపించింది. ఆడవాళ్లకి పన్నెండుంటే మహాభాగ్యం. పేరయ్యకీ పద్దెనిమిదే, సుబ్బరావమ్మకీ పద్దెనిమిదే.

"చూశావా, మనింట్లో ఎవరికీ రక్తానికి లోటు లేదు," అంది సుబ్బరావమ్మ.

దివ్య పళ్లు బిగబట్టి, కొత్త పలకలో ఉత్త నీళ్లు ఎక్కించి తోసింది. పద్దెనిమిది.

"మన బోరు నీళ్లేగా. బలం ఉంటుందిలే," అన్నాడు పేరయ్య.

పెట్టె మీది బొట్టుని స్పిరిట్‌తో తుడిచి మళ్లీ చూసింది. అదే అంకె. పేరయ్య వెళ్లి స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చాడు.

"వద్దు మామయ్యా. నిన్న లాబ్‌లో చక్కగా పనిచేసింది. సాయంత్రం సారే దగ్గరుండి మూత బిగించారు. ఎవరినీ ముట్టుకోవద్దన్నారు."

అంతలో ఆ సారే కారు దిగాడు. ప్రొఫెసర్ శివరామకృష్ణ గారు, దివ్య గైడు. పరీక్షల రోజు తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లల్ని క్లాసులో నిలబెట్టి కడిగేసే మనిషి. సంగతంతా విని, స్పిరిట్‌కి ఎర్రబడ్డ దూదిని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"కుంకుమా? పొడి ఈ సందులోంచి లోపలికి జారుంటుంది. తెలీక చేశారు గాని, ఇది సైన్సమ్మా. మీ గ్యాస్ పొయ్యి కాదు."

సుబ్బరావమ్మ మొహం మాడిపోయింది. పొద్దుట్నుంచీ తను అనాలనుకున్న మాటలే అయినా, ఇంకొకరి నోట వినేసరికి దివ్యకి ఎక్కడో గుచ్చుకుంది.

"నావల్లే చెడిందంటున్నారుగా. విప్పి చూపించండి బాబూ," అంది సుబ్బరావమ్మ.

"ఇప్పుడెందుకులెండి. ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంకో రోజు అడుగుదాం."

"ఇంకో రోజు ఇవ్వరు సార్," అని దివ్య స్క్రూడ్రైవర్ అందుకుంది. ఆయన "ఆగమ్మా" అనేలోపే మూత ఊడొచ్చింది.

లోపల, వెలుగు దాటాల్సిన గాజు కిటికీ మీద, కింద పసుపు అద్ది మరీ పెట్టిన బొటనవేలంత కుంకుమబొట్టు. పక్కన రెండు అక్షింతలు.

పేరయ్య భార్య వంక చూశాడు.

"నావంక చూస్తావేం? నాకు స్క్రూలు తియ్యడం వచ్చా?"

దివ్య గాజు తుడిచి, నీళ్ల పలక మళ్లీ తోసింది. సున్నా. ఈసారి ముగ్గురూ కలిసి శివరామకృష్ణ గారి వంక చూశారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "మూతకి పెడదామనే అనుకున్నాను. రాహుకాలం దాటేదాకా ఆగాను, ఈలోగా కరెంటు పోయింది."