పాదం మీద పాదం

“తొక్కు మే! నీ పాదాలతో నా పాదాలు తొక్కిపెట్టకపోతే మళ్లీ జారిపోతా!” అని అరిచాడు మునికృష్ణ.

చక్రాల కుర్చీకీ కారు సీటుకీ మధ్య, భర్త నడుముకు కట్టిన తువ్వాలు పట్టుకుని అతన్ని పైకి లేపింది జయంతి. ఆస్పత్రిలో నేర్పింది నేర్పినట్టే చేస్తోంది. ఆమె పాదాలు మాత్రం అతని పాదాల మీదికి రాక పక్కకే పోతున్నాయి.

“మొగుడి కాలు ఎట్లా తొక్కేది మామా?”

“మామిడిచెట్టు మింద నుంచి పడిన పొద్దే అవి కట్టెలైపోయినాయి. తొక్కు!”

అతని మోకాళ్లు మడతపడ్డాయి. జయంతి కళ్లు మూసుకుని తొక్కింది. ఆ ఊపుకు అతను పక్కకు తిరిగి కారు సీట్లో పడ్డాడు.

అతని కాలి బొటనవేలి గోరు చిట్లి రక్తం వచ్చింది. అతనికి తెలియనే లేదు. ఆమె వంగి ఆ పాదాన్ని తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది.

“కట్టెకు దండం పెడతారా మే?”

“నీకు కట్టెలేమో. నాకు కాదు.”

వేలికి చుట్టడానికి ఆమె సంచిలో గుడ్డ వెతుకుతోంది. ఇంతలో డ్రైవర్ ఢిల్లీబాబు వచ్చి, చూసుకోకుండా కారు తలుపు వేయబోయాడు.

“నిదానం అబ్బా!” అన్నాడు మునికృష్ణ. “ఆడ నా కాలుండాది.”