ఒండ్రు

“మే, ఆ కమ్మలు తీసియ్యి. డోన్‌కు పోయి కుదువ పెట్టొస్తా” అన్నాడు శేషన్న, చెయ్యి చాపి.

నాగలక్ష్మమ్మ చెవి మీదికి చెయ్యి పోనివ్వలేదు. ఎందుకని అడిగింది. వంకలో కట్టిన చెక్ డ్యామ్ వెనక ఒండ్రు మేట వేసిందట. ట్రాక్టర్ బాడుగ పెట్టుకుంటే ఎవరైనా తోలుకోవచ్చట. తమ మిట్టచేను పైమన్ను వానలకు కొట్టుకుపోయి గరుసు తేలిపోయింది కాబట్టి, ఆ ఒండ్రు పరిస్తే తప్ప ఈ యేడు విత్తనాలు కూడా తిరిగి రావట.

“వాటర్‌షెడ్ వాళ్లు ఉత్తపుణ్యానికి చేనుకు గట్టు ఏస్తామంటే వద్దంటివి కదా?”

“నాలుగు సాళ్ల చెనిక్కాయ గట్టు కిందికి పోతాదని వద్దంటి. గట్టు మీద రాళ్లు పండుతాయా? ఖర్చూ లాభం లెక్కేసేదానికి తలకాయుండాల. అందరికీ యాడుంటాది?”

గట్టు బదులు తను చేసిన పని మళ్లీ గుర్తుచేశాడు. ఒక స్వామితో రాగిరేకు మీద యంత్రం గీయించి, కింద తన పేరు చెక్కించి, చేను దిగువ మూలలో పాతిపెట్టాడు. అది జానెడు నేల కూడా తినదు. చేనును కాపాడడానికి అది చాలన్నాడు.

నాగలక్ష్మమ్మ కమ్మలు తీసి, అతని చేతికివ్వకుండా అరుగు మీద పెట్టింది. పెళ్లినాటి నుంచి ఆమెకున్న బంగారం అదొక్కటే.

మరునాడు ట్రాక్టర్ ఒండ్రు తెచ్చి చేన్లో గుమ్మరిస్తుంటే, గట్టు వేయించుకున్న పక్కచేని ఓబులేసు దోవన పోతున్నాడు. నీకు ఒండ్రు వద్దా అని శేషన్న ఎకసెక్కంగా అడిగాడు. ఓబులేసు అక్కర్లేదని చెప్పి తన దారిన పోయాడు.

“బాడుగకు దుడ్లు లేవని చెప్పేదానికి నామోషీ” అని ముక్కుతో నవ్వాడు శేషన్న. పిడికెడు ఒండ్రు తీసి నలిపి వాసన చూశాడు. “సూడుమే, వెన్న మాదిరుండాది. ఇట్లాంటి మన్ను వంకపాలు చేసుకున్న తలమాసినోడు ఎవడో గానీ, వాని కంటే గొడ్డు నయం.”

కుప్పను చదును చేస్తున్న నాగలక్ష్మమ్మ పారకు ఏదో తగిలి కణంగుమంది. ఆమె వంగి దాన్ని తీసి, కొంగుతో తుడిచి, బోసి చెవులతో మొగుడి దగ్గరికి నడిచింది. అతని అరచేతిలో రాగిరేకు పెట్టింది.

“ఆ తలమాసినోని పేరు దీని మీదుండాది. సదువు.”