పచ్చి మంచినీళ్ళు

"ఇదేటే దేవీ, ఇది సారాకొట్టే కదేటి! పేరొకటే పబ్బు," అన్నాడు సత్యారావు, గుమ్మంలోనే ఆగిపోయి.

"లోపలికి రా మావయ్యా. చూడకుండా కొట్టో కోటో ఎలా తెలుస్తాది?" అంది దేవి. మేనమామ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసింది.

సంచౌంగ్ పేటలో ఆ ఐరిష్ పబ్బు తెలియనివాళ్ళు లేరు. ఆకుపచ్చ తలుపు, దాని మీద మూడాకుల బొమ్మ, లోపల నున్నగా మెరిసే చెక్క బల్లలు. సాయంత్రమైతే చాలు, కుర్చీ దొరకదు. ఊరికి ఆ చివర తెలుగువాళ్ళుండే పజుండౌంగ్ పేట నుంచి బస్సులు మారి వచ్చిన ఈ ఇద్దరూ మాత్రం తాగడానికి రాలేదు. సంబంధం చూసుకోవడానికి వచ్చారు. కౌంటరు దగ్గర బీరు పోసే చంద్రరావే పెళ్ళికొడుకు.

మనవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. సంబంధం ఖాయమయ్యేదాకా ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి చోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ముట్టారంటే ఒప్పుకున్నట్టే. గంజాం నుంచి బర్మాకి ఓడెక్కిన తాతలు దారిలో ఏమేం పారేసుకున్నారో గానీ, ఈ పట్టింపును మాత్రం భద్రంగా తెచ్చుకున్నారు.

పబ్బుకొచ్చి ఏమీ తాగని మనుషుల్ని చూడ్డం, పాపం, అక్కడ పనిచేసే తిన్ తిన్‌కి అదే మొదటిసారి. "కాస్త నీళ్ళయినా తాగండి," అని బర్మీస్‌లో బతిమాలి రెండు గ్లాసులు పెట్టి వెళ్ళింది. సత్యారావు వాటిని పామును చూసినట్టు చూసి పక్కకి జరిపాడు.

"బీరు పోసేవోడికి మన ఆడపిల్లనివ్వడమేటే? రేపు పజుండౌంగ్‌లో తలెత్తుకోగలమా? మీ నాన్నుంటే ఒప్పుకునేవోడా?"

"నాన్నుంటే మనం ఇక్కడికొచ్చే పనేముంది మావయ్యా?"

సత్యారావు గ్లాసుల్ని ఇంకాస్త పక్కకి నెట్టాడు.

నాన్న ఉన్నన్నాళ్ళూ తాగే వచ్చేవాడు. అమ్మ తలుపు తీసేది, తిట్లు తినేది, తెల్లారకుండానే లేచి ఇడ్లీ పొయ్యి వెలిగించేది. ఆ ఇంటి ఆడది మళ్ళీ అలాంటి బతుకులోకి వెళ్ళడానికి వీల్లేదు. దేవి పట్టుదల అదీ. నలుగురూ ఏమనుకుంటారో ఆమెకి అక్కర్లేదు. ఆ నలుగురిలో ఒక్కరైనా వచ్చి తలుపు తీశారా? ఈ మనిషి తాగుతాడా, తాగడా? అదొక్కటే తేలాలి.

చంద్రరావు గుడి వంటల దగ్గర అమ్మకి తెలిసినవాడే. మంచివాడనే అంటుంది. కానీ ఒకసారి దెబ్బతిన్న మనిషి, తన అంచనాని తనే నమ్మదు. బయల్దేరేటప్పుడు ఒకటే మాట అంది. "నువ్వక్కడ నీళ్ళు తాగితే సరే. తాగకుండా వచ్చేవంటే ఈ పెళ్ళి మాట మనింట్లో మళ్ళీ ఎత్తొద్దు."

దేవి చుట్టూ చూసింది. కేకలుంటాయనుకుంది, కొట్లాటలుంటాయనుకుంది. ఒక మూల ఎవరో ఫిడేలు వాయిస్తున్నారు. ఒక కుటుంబం పిల్లల్తో కూర్చుని బంగాళాదుంప వేపుడు తింటోంది. మన పెళ్ళి భోజనాల్లో ఇంతకంటే ఎక్కువ గోల ఉంటుంది. కింద చూస్తే సత్యారావు పాదం ఫిడేలుకి తాళం వేస్తోంది.

"కాలు తిమ్మిరెక్కిందే," అన్నాడు గబుక్కున.

అప్పుడే కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోగా చీకట్లో తిన్ తిన్ కెవ్వుమంది. పక్క బల్ల దగ్గర తూలుతున్న ఒక పెద్దమనిషి ఆమె చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఫోను లైటు వేసుకుని చంద్రరావు వచ్చాడు. అరవలేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఆ తాగుబోతు ఫెడీమని చంద్రరావు చెంప మీద కొట్టాడు. చంద్రరావు తిరిగి కొట్టలేదు. వాడి భుజం చుట్టూ చెయ్యేసి బయటికి నడిపించి, టాక్సీ ఎక్కించి వచ్చాడు.

దీపాలు వెలిగాయి. కమిలిన చెంపతో అతను వీళ్ళ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతులు తువ్వాలుకి తుడుస్తూనే ఉన్నాడు.

"మీరొచ్చిన రోజే ఇలాగవ్వాలా," అన్నాడు సిగ్గుపడి.

"మీరు తాగుతారా?" దేవి సూటిగా అడిగింది.

"పోత్తాను గానీ తాగనండి. మా అయ్య తాగే పోయేడు."

"మరి ఈ కొట్లో ఉజ్జోగమేటి?" అన్నాడు సత్యారావు.

"తాగేవోళ్ళ దగ్గిర తాగనోడు ఒకడుండాలి కదండీ. లేపోతే ఆళ్ళని ఇంటికెవుడు సేరుత్తాడు?"

దేవి ఇంకొకటి అడిగింది. "ఈ పెళ్ళంటే పజుండౌంగ్ అంతా నవ్వుతాది. తట్టుకోగలరా?"

"నవ్వనీండి. మొకం దాసుకునే పని సెయ్యట్లేదు కదా!"

దేవి గ్లాసు అందుకుంది.

"ఒసే, ఒగ్గెయ్! తాగేవంటే మాటిచ్చినట్టే!" సత్యారావు లేచి నిలబడ్డాడు.

ఆమె మేనమామ కళ్ళలోకే చూస్తూ గడగడా తాగేసి, ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించింది. చంద్రరావు కళ్ళు తడిశాయి. వీళ్ళు ఏదో ఒకటి తాగినందుకు తిన్ తిన్ చప్పట్లు కొట్టింది.

"మొండి ఘటం," అని గొణిగి సత్యారావు కూలబడ్డాడు. ఆనక రెండో గ్లాసు తనవైపు లాక్కున్నాడు.

దేవి ఇంటికి ఫోను కలిపింది. అవతల అమ్మ ఎత్తింది.

"నీళ్ళు తాగీసేనమ్మా! ఎవులేటనుకుంటే అనుకోనీ, పట్టుచీర బయటికి తియ్యి, నీ పెళ్ళికి కన్యాదానం చేసేది నేనే!" అంది దేవి, పబ్బంతా వినిపించేలా.