గళ్ళ రుమాళ్ళు

"రేపు పొద్దున్నే మగ్గం మీది పడుగు కోసేస్తాను" అన్నాడు అంకమ్మరావు, భుజం మీది మూటను బెజవాడ ప్లాట్‌ఫారం మీద పడేస్తూ.

చౌడేశ్వరమ్మ చటుక్కున భర్త వైపు తిరిగింది. "సగం నేసిన పడుగును కోస్తారా? మన ఇళ్ళల్లో ఎవరన్నా అంత పని చేశారా?"

"చేయక ఏం చేయమంటావు? యుద్ధం వచ్చి ఓడలు ఆగిన దగ్గర్నుంచీ ఈ రుమాళ్ళు అడిగిన నాథుడు లేడు. యుద్ధం అయిపోయింది గదా అని మోసుకొస్తే ఆ షావుకారు ఏమన్నాడో విన్నావుగా. రంగులో కలిపే నూనె కంపంట. ముక్కు మూసుకుని మరీ చెప్పాడు. మగ్గం పీకేసి బియ్యం మిల్లులో చేరిపోతాను."

"సముద్రం అవతల కట్టుకునేవాళ్ళు ఉన్నారని అత్త చెప్పేది."

"మా అమ్మ చూసిందా? మా తాత చూశాడా? నడుముకి కడతారో, నెత్తికి చుడతారో మనకే తెలీదు. గుర్రాలు తుడుస్తారేమో ఎవడికి తెలుసు."

తుంపర మొదలైంది. రేకుల కింద జాగా లేక ఇద్దరూ అంచున కూర్చున్నారు. ఆమె వణుకుతుంటే అంకమ్మరావు మూటలోంచి ఒక రుమాలు లాగి ఆమె మీదికి విసిరాడు.

"ఎవరూ కట్టనిది నువ్వన్నా కట్టు."

ఎగుమతి సరుకు నేసినవాళ్ళు ఒంటికి తగిలించుకోకూడదని ఆ ఇంటి కట్టుబాటు. కొనేవాళ్ళ బట్టను ఎంగిలి చేసినట్టవుతుందని పెద్దవాళ్ళు అనేవారు. చౌడేశ్వరమ్మ కాసేపు తటపటాయించి, చివరికి కప్పుకుంది. పేరుకే రుమాలుగాని రెండు భుజాలూ నిండేంత వెడల్పు. ముదురు ఎరుపు మీద తెల్ల గళ్ళు. పెళ్ళయిన నాటినుంచీ దీనికి నూలు కండెలు చుడుతూనే ఉంది. ఒంటిమీద ఇంత వెచ్చగా ఉంటుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

అంతలో మద్రాసు వైపు పోయే సోల్జర్ల రైలు వచ్చి ఆగింది. బర్మా యుద్ధం ముగించుకుని ఇళ్ళకు మళ్ళుతున్న ఆఫ్రికా సైనికులు. జనం ఒక అడుగు వెనక్కి జరిగి చూస్తున్నారు.

నీళ్ళకోసం దిగిన ఒక పొడుగాటి సైనికుడు కుళాయి దగ్గర సీసా పట్టి, అటూ ఇటూ చూస్తూ చౌడేశ్వరమ్మ మీద చూపు నిలిపేశాడు. సీసా నిండి చేతిమీదుగా నీళ్ళు కారుతున్నా గమనించలేదు. టోపీ తీశాడు. మెల్లగా నడిచి వచ్చి, ఆ తడి నేలమీదే ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు.

అంకమ్మరావు అడ్డం వచ్చాడు. "ఏమిటిది? ఏం కావాలి?"

సైనికుడు చేతి సైగతోనే ఆమె అనుమతి అడిగాడు. ఆమె తల ఊపింది. రుమాలు చెంగు రెండు వేళ్ళతో అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. షావుకారు ఈసడించిన ఆ నూనె వాసనను కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చాడు.

తర్వాత ఒక్క పరుగున రైలు పెట్టెలోకి పోయి, సంచీ అడుగునుంచి ఏదో తీసుకుని వచ్చాడు. పాత గుడ్డ. ఉతికి ఉతికి రంగు వెలిసింది, మడతల దగ్గర చిల్లులు పడ్డాయి. అవే గళ్ళు.

టిక్కెట్ కలెక్టరు సొలొమోను చూసి దగ్గరికి వచ్చాడు. సైనికుడితో ఇంగ్లీషులో మాట్లాడి వీళ్ళ వైపు తిరిగాడు.

"వాళ్ళ ముత్తవ్వదంట. ఇంట్లో బిడ్డ పుడితే ఇందులోనే చుట్టి ఎత్తుకుంటారంట. మనిషి పోతే ఇదే కప్పుతారంట. బర్మా అడవుల్లో దీన్ని కడుపుకి చుట్టుకుని తిరిగాడంట."

చౌడేశ్వరమ్మ ఆ గుడ్డ అంచు తిరగేసింది. చివర జంట పోగు, తమ ఇంటి నేత గుర్తు. "చూడండి, మన అంచే" అంది భర్తతో.

అంకమ్మరావు ఆ పాత గుడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక మూలనుంచి మరో మూలకు బొటనవేలితో తడుముతూ పోయాడు. తాత మగ్గం మీద కూర్చున్న వేళ ఈ మనిషి ముత్తవ్వ ఏ ఒడ్డున నిలబడి ఉందో.

"మేమే నేశామని చెప్పండి బాబూ" అంది చౌడేశ్వరమ్మ.

సొలొమోను చెప్పాడు. సైనికుడు చిన్నగా నవ్వి, తల అడ్డంగా ఊపి, ఆమె భుజాల మీది రుమాలును చూపిస్తూ ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడు?"

"నమ్మడం లేదమ్మా. అనాదిగా ఇది వాళ్ళ బట్టేనంట. పరాయి దేశపు ఆడమనిషి వాళ్ళమ్మ లాగే దాన్ని కప్పుకుని కూర్చుంటే దణ్ణం పెట్టకుండా పోలేకపోయాడంట. వాళ్ళ బట్ట ఇంత దూరం ఎలా వచ్చింది, మీకెవరిచ్చారు అని అడుగుతున్నాడు."

రైలు కూసింది. చౌడేశ్వరమ్మ ఏదో చెప్పబోయేలోగా అంకమ్మరావు ముందుకు వచ్చి పాత గుడ్డను రెండు చేతులతో సైనికుడికి అందించాడు.

"వాళ్ళదేనండి. నేతకి మాకిచ్చారు, ఇంకా సగం మగ్గం మీదే ఉందని చెప్పండి."