తలుపు మీద లేని లేబుల్

"లాగండి! కాళ్ళు పట్టుకుని లాగండి!"

మాస్కులు తగిలించుకున్న ఇద్దరు ఫైర్‌మెన్, తెల్లటి ఆవిరి కక్కుతున్న శీతల కంటైనర్లోంచి యోరిస్‌ను బయటికి ఈడ్చారు. అతనూ ఫైర్‌మనే. కంటైనర్ మోటారు కాలుతోందని కబురొస్తే వచ్చి, రెండు నిమిషాల క్రితం మాస్కు లేకుండా లోపలికి వెళ్ళాడు. ఇప్పుడు పెదవులు నీలం. ఊపిరి లేదు.

ఆంట్‌వెర్ప్ రేవులో ఆ కంటైనర్ల వరసంతా పని ఆగిపోయింది.

"లోపల ఏముంది?" అరిచాడు ఫైర్ దళం కెప్టెన్ మార్నిక్స్.

"మందుల పెట్టెలు. చుట్టూ డ్రై ఐస్," అంది హిల్డె. ఆ వరసలోని శీతల కంటైనర్లన్నిటికీ ఆవిడే మెకానిక్. "మోటారు కాలిపోయేసరికి ఐసంతా గ్యాసైపోయింది. లోపల పీల్చడానికి గాలి లేదు."

"మనిషి పడిపోయాకా చెప్పేది?"

"చెప్పడానికే కదా తలుపు మీద లేబుల్ అంటించింది!"

"ఏ తలుపు మీద? ఏదీ, చూపించు."

హిల్డె చూసింది. తలుపు బోసిగా ఉంది. జిగురు మరక తప్ప ఏమీ లేదు.

"మొన్న నా చేత్తో అంటించాను, కెప్టెన్."

"చేత్తోనా, కల్లోనా? ఖాళీ డబ్బాలకేమో నెలల తరబడి లేబుళ్ళు వదిలేస్తారు. మనిషిని చంపే డబ్బాకి మాత్రం ఉండదు. థూ, రేవు బుద్ధులు!"

హిల్డె పళ్ళు నూరింది. మెరిసే బూట్లు, దువ్విన మీసం. పెట్టెలో ఏముందో ఒక్క మాట అడక్కుండా మనిషిని లోపలికి తోసిన ఘనుడు, ఇప్పుడు బుద్ధుల గురించి మాట్లాడుతున్నాడు!

"అంటించకపోతే ఆ జిగురు ఎక్కడిది?" అంది.

"అయితే మీలోనే ఏ వెధవో పీకాడు. ఎవడైతేనేం, ఈ వరస నీది. సాయంత్రంలోగా నీ లైసెన్సు పీకిస్తాను. వాడికేమైనా అయిందా, జైలుకే పోతావు."

అప్పటికే పోలీసులు దిగారు. అంబులెన్సు మనిషి యోరిస్ ఛాతీ మీద ఆపకుండా నొక్కుతున్నాడు. ఉన్నట్టుండి యోరిస్ దగ్గాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కళ్ళు తెరిచాడు.

ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. అతను తేరుకునేదాకా కూడా ఆగలేదు కెప్టెన్. పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

"యోరిస్, తలుపు మీద లేబుల్ లేదు కదా? గట్టిగా చెప్పు. పోలీసులూ వినాలి, ఈ మహాతల్లీ వినాలి."

"లేదు, కెప్టెన్."

"విన్నావా?" హిల్డె వైపు తిరిగి వెక్కిరించాడు మార్నిక్స్.

"పొద్దున్న మన ఫైర్ తనిఖీలో నేనే గీకేశాను," అన్నాడు యోరిస్.

"నువ్వా? బుర్ర ఉందా నీకు? ఏ గాడిద గీకమన్నాడు?"

యోరిస్ ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపాడు. గొంతు నీరసంగా ఉన్నా, అందరికీ వినిపించింది.

"లేబుల్ మీద మొన్నటి తేదీ చూసి, ఈపాటికి ఖాళీ అయిపోయి ఉంటుంది, ఆ మెకానిక్‌ని అడిగేదేంటి, గీకి పారెయ్ అన్నారు. ఖాళీయే కదాని మాస్కు లేకుండా దూరాను. ఆ మాట అన్నది మీరే, కెప్టెన్ మార్నిక్స్!"