అబ్బులు ఎగరేసిన కథలు

పత్రిక తిప్పి పంపిన నా పదకొండో కథని ఆదివారం బీచిలో అబ్బులు చేతిలో పెట్టాను. పోర్టులో క్రేను నడిపే అబ్బులు నాకున్న ఏకైక అభిమాని. "ఈసారి ఇంకా పెద్ద కత రాయి బావా" అంటాడు ఎప్పుడూ.

ఎప్పటిలాగే కాగితాలు కలిపి, చీపురుపుల్లలు వంచి, అన్నం మెతుకులతో అంటించి గాలిపటం కట్టి ఎగరేశాడు. పెద్ద కథయితే పెద్ద పటం వస్తుందట.

నా రచన అంత ఎత్తుకి వెళ్ళడం చూసి, పోర్టు గుమస్తానన్న సంగతి మరిచి, దారం నాకిమ్మని వాడితో కలబడ్డాను. ఇద్దరం ఇసకలో దొర్లాం.

లేచేసరికి, నెల్లాళ్ళుగా తట్టని కథ తట్టింది. జేబులో ఉన్న పోస్టుకార్డు మీద అక్కడే ఇది మొదలెట్టాను.

అబ్బులు తొంగి చూశాడు. "కార్డు మీద రాత్తన్నావేటి బావా? తిరిగొచ్చినా పటానికి పనికిరాదు."

"కార్డుకి తిరుగు కవరుండదురా. ఇది తిరిగి రాదు" అన్నాను గర్వంగా.

వాడి మొహం చిన్నబోయింది. "మరి వచ్చే ఆదోరం ఏటెగరేత్తాం?"

అంచేత ఎడిటరుగారూ, విడిగా ఒక నవల కూడా పంపుతున్నాను. స్టాంపులంటించిన కవరు జతచేశాను. దాన్ని మాత్రం తప్పకుండా తిప్పి పంపండి.